పదమూడో సర్గలోనే ఇల్లు చేరాడు

హోమర్ పేరిట నిలిచిన ఒడిస్సీ కావ్యంలో 24 సర్గలున్నాయి. ఇరవై ఏళ్ళు ఇంటికి దూరంగా బతికిన ఒడిస్సియస్ తన సొంత దీవి ఇథాకా ఒడ్డున దిగేది 13వ సర్గలో. అప్పటికి దాదాపు సగం కావ్యం మిగిలే ఉంటుంది. ఒంటికన్ను రాక్షసుడు, ఓడల్ని మింగే సుడిగుండం, మనుషుల్ని పందులుగా మార్చే మాయావిని, ఇలా సినిమాల్లోనూ పిల్లల పుస్తకాల్లోనూ మనం చూసిన కథంతా మొదటి సగంలోనే అయిపోతుంది. రెండో సగమంతా ఇంటికొచ్చాక జరిగిన కథ.

కువైట్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, ఇక వీసా క్యాన్సిల్ చేయించుకుని ఊరెళ్ళిపోదాం అనుకునే ప్రతివారికీ నేను ముందుగా చెప్పేది ఈ లెక్కే. వెళ్ళేటప్పుడు మనం ఎంత తాపత్రయపడతామో చూడండి. ఏజెంటుకు కట్టాల్సిన డబ్బు, మెడికల్, స్టాంపింగ్, టికెట్టు, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి, అప్పు ఎవరి పేరు మీద తేవాలి, అన్నీ నెలల ముందు నుంచే చూసుకుంటాం. వచ్చేటప్పుడు మాత్రం టికెట్టు, కార్గో పెట్టె ఉంటే చాలనుకుంటాం. రాయచోటిలోనో రాజోలులోనో సొంతింటి గడప తొక్కి ఏడాది తిరక్కుండానే మళ్ళీ ఏజెంటు ఇంటి ముందు నిలబడేవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు. వాళ్ళలో కొందరికి డబ్బు అవసరం. మిగతావాళ్ళకు ఇల్లు చేరాక కూడా ప్రయాణం ఇంకా ఉందని ఎవరూ చెప్పలేదు.

గ్రీకు కావ్యాలు చదివేవాళ్ళు వాడే కొన్ని పారిభాషిక పదాలను ఈ అధ్యాయంలో పరిచయం చేస్తాను. ఒక్కో పదం మన గల్ఫ్ బతుకులో ఒక్కో చోట వెలుగు వేస్తుంది. మన ఆలంకారికులు కావ్యనాయకుణ్ణి ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధాలుగా చూశారు. మనిషి స్వభావాన్ని పట్టుకోవడానికి అంతకన్నా మంచి పనిముట్టు నాకు తెలియదు. అయితే తిరిగి రావడం అనే ఒక్క విషయం మీద పట్టుబట్టి కూర్చున్నది గ్రీకులు. ట్రాయ్ యుద్ధం ముగిశాక వీరులు ఇళ్ళకు మళ్ళిన కథలను ఒక ప్రత్యేక శాఖగా చెప్పుకున్నారు. అలాంటి ఒక తిరుగు ప్రయాణాన్ని నోస్టోస్ అంటారు. ఇప్పుడు మనకు దొరకని ఒక పాత కావ్యం పేరే నోస్టోయ్, అంటే తిరుగు ప్రయాణాలు. అందులో అందరివీ సుఖాంతాలు కావు. సైన్యాలకే నాయకుడైన అగమెమ్నాన్ గెలిచి ఇంటికొచ్చి, సొంత గడ్డ మీదే హత్యకు గురయ్యాడు. ఒడిస్సీలో అతని పేరు పదే పదే వస్తుంది, ఒడిస్సియస్‌కు ఒక హెచ్చరికలాగా.

ఈ మాటలకు కువైట్‌తో నేరుగా చుట్టరికం కూడా ఉంది. కువైట్ నగరం ఒడ్డు నుంచి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఫైలకా దీవి ఉంది. సెలవు రోజున పడవెక్కి వెళ్ళిరావచ్చు. అలెగ్జాండర్ ఆజ్ఞ ప్రకారం ఈ దీవికి ఇకారోస్ అని పేరు పెట్టారని చరిత్రకారుడు అరియన్ రాశాడు. అది గ్రీసు పక్కన ఏజియన్ సముద్రంలో ఉన్న ఒక దీవి పేరు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు సైనికులు, వలస వచ్చినవాళ్ళు ఇక్కడ కోట కట్టుకుని, గుడి కట్టుకుని ఉన్నారు. 1958 నుంచి డెన్మార్క్ పురావస్తు బృందం చేసిన తవ్వకాల్లో అది బయటపడింది. ఆ చిన్న గుడి స్తంభాల తలలు గ్రీసులో ఉండే తీరున చుట్టలు తిరిగి ఉంటాయి, పాదాలు మాత్రం గంట ఆకారంలో పర్షియా పద్ధతిలో ఉంటాయి. పైభాగం పుట్టిన ఊరిది, కిందిభాగం బతుకుతున్న ఊరిది. అరబిక్ కలిసిన మన కువైట్ తెలుగు విన్నప్పుడల్లా నాకు ఆ స్తంభాలు గుర్తొస్తాయి.

అక్కడే దొరికిన ఒక గ్రీకు రాతి శాసనంలో గుడి సంగతి, పోటీల సంగతి, దీవిలో స్థిరపడ్డవాళ్ళ భూముల సంగతి, పన్నుల సంగతి ఉన్నాయి. అంతకుముందే, 1937లో, దొరికిన మరో రాయి ఇంకా చిన్నది. ఏథెన్స్‌వాడైన సోటెలీస్ అనే ఆయన, తోటి సైనికులతో కలిసి జ్యూస్‌కు, సముద్రదేవుడు పొసైడన్‌కు, ఆర్టెమిస్‌కు దాన్ని సమర్పించాడు. జ్యూస్, ఆర్టెమిస్ ఇద్దరినీ కాపాడే దేవతలుగానే పిలిచాడు. సముద్రం దాటి వచ్చి, క్షేమంగా ఉన్నందుకు మొక్కు తీర్చుకున్న మనుషులు వాళ్ళు. గ్రీకు చదువు హోమర్‌తోనే మొదలయ్యేది కాబట్టి, ఈ కువైట్ ఇసుక మీద నిలబడి ఒడిస్సియస్ కథ తలుచుకున్న మొదటి వలసజీవులు వాళ్ళే అయ్యుండాలని నా నమ్మకం.

ఇక పదాల్లోకి వద్దాం.

మొదటిది ఇన్ మీడియాస్ రెస్. ఈ మాట గ్రీకుది కాదు, రోమన్ కవి హొరేస్ వాడిన లాటిన్ మాట. కథను నడిమధ్య నుంచి ఎత్తుకోవడం దీని అర్థం. ఇలియడ్ పదేళ్ళ యుద్ధంలో చివరి ఏడాదిలోని కొన్ని వారాలతోనే సరిపెట్టుకుంటుంది. ఒడిస్సీ ఇరవయ్యో ఏట మొదలవుతుంది. ఒడిస్సియస్ మనకు మొదటిసారి కనిపించేటప్పటికి కాలిప్సో దీవిలో ఏడేళ్ళుగా ఇరుక్కుపోయి, ఒడ్డున కూర్చుని సముద్రం వైపు చూస్తూ ఏడుస్తుంటాడు. అంత గొప్ప వీరుణ్ణి కవి ముందుగా ఏడుస్తూ చూపించాడు.

మీ కథ మీరు రాసుకోండి. ఈ పుస్తకంలో నేను అడిగే అతి ముఖ్యమైన పని ఇది. అయితే పాస్‌పోర్టు తీసుకున్న రోజుతో మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే ఏజెంటు, అప్పు, విమానం అంటూ అందరి కథా ఒకేలా ఉంటుంది. ఈ రోజుతో మొదలుపెట్టండి. ఇప్పుడు మీరెక్కడ కూర్చున్నారు? ఫర్వానియాలో ఆరుగురు పంచుకునే గదిలో పై మంచం మీదా? సల్వాలో యజమాని ఇంటి వంటగది పక్క గదిలోనా? దేనివైపు చూస్తున్నారు? దేనికి ఏడుపొస్తుంది? అక్కడి నుంచి వెనక్కి వెళ్ళండి. అప్పుడు మీ కథలో ఏది అసలైన మలుపో, ఏది కేవలం తారీఖో మీకే తేలిపోతుంది. నోటుపుస్తకం అక్కర్లేదు, రాయడం రానివాళ్ళు ఫోన్లో మాట్లాడి దాచుకోవచ్చు. హోమర్ కావ్యాలు కూడా మొదట నోటి పాటలే.

నోటి పాట అన్నాం కాబట్టి రెండో పదం. ఎపిథెట్ అంటే పేరుకు అతుక్కుపోయిన విశేషణం. వేగమైన పాదాల అకిలీస్, ఎన్నో ఉపాయాల ఒడిస్సియస్, గులాబివేళ్ళ ఉషస్సు. కావ్యం నిండా ఇవి తిరిగి తిరిగి వస్తాయి. అమెరికన్ పండితుడు మిల్మన్ ప్యారీ 1930లలో యుగోస్లావియా పల్లెల్లో తిరిగి, చదువురాని గాయకులు వేల పంక్తుల కథలు ఎలా పాడుతున్నారో రికార్డు చేశాడు. ఇలా కట్టి ఉంచుకున్న పదబంధాలే గాయకుడికి ఊతమని, హోమర్ కావ్యాల వెనక ఉన్నదీ ఆ పద్ధతేనని చూపించాడు. కారెంపూడిలో పల్నాటి వీరుల కథ పాడే విద్యావంతుల్ని గానీ బుర్రకథ దళాల్ని గానీ విన్నవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు.

మన విషయంలో జరిగేది ఏమిటంటే, సముద్రం దాటగానే ఊరు మనకొక ఎపిథెట్ తగిలిస్తుంది. పేరు ముందు కువైట్ చేరుతుంది. ఇల్లు కువైటోళ్ళ మేడ అవుతుంది. చందాల పుస్తకంలో మన పేరు పక్కన అంకె మనల్ని అడక్కుండానే పెరుగుతుంది. ఆ విశేషణం గాయకుడికి ఊతం, నాయకుడికి బరువు. అకిలీస్ గుడారంలో కదలకుండా కూర్చున్నప్పుడు కూడా కవి అతన్ని వేగమైన పాదాలవాడనే అంటాడు. ఊరికి వచ్చి ఆదాయం ఆగిపోయాక కూడా మిమ్మల్ని కువైట్ మనిషిగానే చూస్తారు, ఆ లెక్కలోనే అప్పులు అడుగుతారు. కాబట్టి వెళ్ళకముందే ఆలోచించుకోండి: ఊళ్ళో ఇకపై మిమ్మల్ని ఏమని పిలవాలని మీకుంది? కుట్టు మిషను పెట్టిన ఆవిడ అనా, ఏసీలు బాగుచేసే ఆయన అనా, అరటితోట రైతు అనా? కొత్త ఎపిథెట్ సంపాదించడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. దానికి విత్తనం కువైట్‌లో ఉండగానే వేసుకోవాలి. అక్కడ నేర్చిన పని ఏదో ఒకటి చేతిలో ఉండాలి, ఊళ్ళో దాని అవసరం ఉందో లేదో సెలవుల మీద వచ్చినప్పుడే తిరిగి చూసుకోవాలి.

క్సేనియా గురించి కూడా చెప్పాలి. ఇంటికి వచ్చిన పరాయివాణ్ణి పేరు అడక్కుండానే కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం పెట్టి, ఆ తర్వాతే వివరాలు కనుక్కునే ధర్మం ఇది. ఇది రెండువైపులా ఉంటుంది, వచ్చినవాడూ ఆ ఇంటి మర్యాద నిలపాలి. తప్పినవాణ్ణి జ్యూస్ శిక్షిస్తాడని నమ్మేవారు. ఒడిస్సీ మొత్తాన్ని ఈ ధర్మానికి పరీక్షల వరుసగా చదవవచ్చు. రాక్షసుడు పోలిఫీమస్ అతిథుల్నే తింటాడు. ఫయేషియన్లు పరాయివాణ్ణి ఆదరించి, కానుకలిచ్చి, పడవలో ఇంటిదాకా దిగబెడతారు.

కువైట్‌లో ఉన్నవాళ్ళు తమ కఫీల్ గురించి చెప్పే కథలన్నీ ఈ రెండు కొసల మధ్యే తిరుగుతాయి. పెళ్ళికి బంగారం పెట్టిన మామా ఉంది, జీతం నెలల తరబడి ఆపిన బాబా ఉన్నాడు. అదృష్టం మీద వదిలేయకుండా కొంత భాగాన్ని చట్టం కూడా పట్టుకుంది. 2015లో కువైట్ తెచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపని చేసేవారికి రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదని, వారానికొక రోజు సెలవు ఉండాలని, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని, పని ముగించి వెళ్ళేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలని చెప్పింది. ఈ చివరిది చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా అడగడానికి మొహమాటపడతారు. ఫయేషియన్లు ఇచ్చిన కానుకల్ని ఒడిస్సియస్ ఇథాకా ఒడ్డున నిద్రలేవగానే ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాడు, ఏమీ తక్కువ కాలేదని చూసుకున్నాకే ఊరి మాట ఎత్తాడు. మహావీరుడికి లేని మొహమాటం మనకెందుకు? మీకు రావాల్సింది లెక్క కట్టి, మర్యాదగా, ముందుగా అడగండి. పని మానేస్తున్నామని చెప్పే రోజునే ఆ కాగితం చేతిలో ఉండాలి.

ఇప్పుడు ఈ అధ్యాయానికి గుండెకాయ లాంటి జంట దగ్గరికి వచ్చాం: క్లెయోస్, నోస్టోస్. క్లెయోస్ అంటే జనం నోట నిలిచే కీర్తి. ఇలియడ్ తొమ్మిదో సర్గలో అకిలీస్ తన ముందున్న రెండు దారులు చెబుతాడు. ట్రాయ్‌లోనే ఉండి పోరాడితే చచ్చిపోతాడు గాని కీర్తి ఎప్పటికీ ఉంటుంది. ఇంటికి మళ్ళితే కీర్తి ఉండదు, పండు ముసలితనం దాకా బతుకుతాడు. అతను కీర్తినే ఎంచుకున్నాడని మనకు తెలుసు. కానీ ఒడిస్సీ 11వ సర్గలో ఒడిస్సియస్ చనిపోయినవాళ్ళ లోకంలో అతన్ని కలుస్తాడు. అప్పుడు అకిలీస్ మాట మారిపోతుంది. చచ్చినవాళ్ళందరికీ రాజుగా ఉండేకన్నా, భూమి కూడా లేని ఒక పేదవాడి దగ్గర కూలిపని చేస్తూ బతికుండటమే మేలంటాడు. ప్రపంచ సాహిత్యంలో కూలిమనిషికి దక్కిన ఇంత పెద్ద గౌరవం మరొకటి నేనెరగను.

మన ఊళ్ళలో క్లెయోస్‌కు ఒక రూపముంది. అది మేడ. ముందు వాకిట్లో గ్రానైటు, పైన నీళ్ళట్యాంకు ఓడ ఆకారంలోనో విమానం ఆకారంలోనో. ఆ మేడను నేను తక్కువ చెయ్యను. రేకుల ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ స్లాబు ఏమిటో బయటివాళ్ళకు అర్థం కాదు. కానీ లెక్క చూడండి. మొదటి అంతస్తు వేయడానికి అయిదేళ్ళ కష్టం, అది అందరి ఇళ్ళకన్నా ఎత్తుగా ఉండాలని రెండో అంతస్తు వేయడానికి ఇంకో అయిదేళ్ళు. మొదటి అయిదేళ్ళూ నోస్టోస్ కోసం ఖర్చయ్యాయి, రెండో అయిదేళ్ళూ క్లెయోస్ కోసం. రెండూ తప్పు కాదు. కానీ ఏ దినారు దేనికి పోతుందో తెలిసి ఖర్చుపెట్టాలి. ఒక కాగితం మధ్యలో గీత గీసి, గత మూడేళ్ళలో ఇంటికి పంపిన డబ్బులో మిమ్మల్ని ఇంటికి దగ్గర చేసినది ఒకవైపు, ఊళ్ళో పేరు తెచ్చినది మరోవైపు వేయండి. పిల్లల ఫీజు, అప్పు తీర్చడం, పొలం విడిపించడం ఒకవైపు. అదనపు గది, అయిదొందల మందికి భోజనాలు మరోవైపు. చాలామంది ఈ లెక్క వేశాక కొంతసేపు మాట్లాడరు.

కీర్తి లేని నోస్టోస్ ఎలా ఉంటుందో కువైట్ ఒకసారి చూసింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాయి. ఆ తర్వాత నెలల్లో లక్షా డెబ్భై వేలమంది దాకా భారతీయులు ఎడారి దారుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాల్లో ఇంటికి వచ్చారు. కూడబెట్టినది చాలావరకు అక్కడే వదిలేశారు. ఒడిస్సియస్ కూడా అంతే. ట్రాయ్ నుంచి పన్నెండు ఓడలతో, దోపిడీ సొమ్ముతో బయలుదేరి, ఓడలన్నీ, మనుషులందరినీ, సొమ్మంతా పోగొట్టుకున్నాడు. ఒంటి మీద గుడ్డ లేకుండా ఫయేషియన్ల ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అయినా ఆ కావ్యం అతన్ని ఓడిపోయినవాడని ఎక్కడా అనదు. ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఆ సంగతి వాళ్ళకు చెప్పండి.

11వ సర్గ దగ్గర ఇంకాసేపు ఆగాలి. చనిపోయినవాళ్ళ లోకానికి నాయకుడు దిగి వెళ్ళడాన్ని కటాబసిస్ అంటారు, వాళ్ళను పిలిచి మాట్లాడే ఘట్టాన్ని నెకుయా అంటారు. అక్కడ ఒడిస్సియస్‌కు తన తల్లి ఆంటిక్లియా కనిపిస్తుంది. అతను ఇల్లు వదిలినప్పుడు ఆవిడ బతికే ఉంది. పోయిందన్న సంగతే అతనికి అప్పటిదాకా తెలియదు. ఏ జబ్బుతో పోయావమ్మా అని అడుగుతాడు. జబ్బేమీ కాదు, నీ మీద బెంగతోనే పోయానంటుంది. మూడుసార్లు కౌగిలించుకోబోతాడు, మూడుసార్లూ ఆవిడ నీడలా చేతుల్లోంచి జారిపోతుంది.

గల్ఫ్‌లో ఉన్న మనిషికి ఈ ఘట్టం వివరించాల్సిన పని లేదు. ఫోను మోగుతుంది. ఆ రోజుకు టికెట్టు దొరకదు, పాస్‌పోర్టు చేతిలో ఉండదు, కఫీల్ ఊళ్ళో ఉండడు. అక్కడ ఎవరో ఫోను పట్టుకుని నిలబడితే, ఇక్కడ మంచం మీద కూర్చుని తెరలో అమ్మ ముఖం చూస్తారు. మర్నాడు పొద్దున్నే పనికి వెళతారు. ఏళ్ళ తర్వాత ఊరెళ్ళినప్పుడు అందరి దుఃఖం ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, మీది మాత్రం మొదలే కాదు. సంవత్సరీకాలు కూడా అయిపోయిన ఇంట్లో మీరు ఏడిస్తే చుట్టూ ఉన్నవాళ్ళకు ఏం చెయ్యాలో తోచదు. అందుకే దీనికంటూ ఒక రోజు కేటాయించమంటాను. ఊరు చేరిన మొదటి వారంలోనే, వేరే పని పెట్టుకోకుండా, తమ్ముడో అక్కో ఎవరో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ చివరి రోజులు మొదటి నుంచీ చెప్పమనండి. ఏం తిన్నది, ఏం అడిగింది, ఎవరి పేరు పిలిచింది. ఒడిస్సియస్ అడిగినట్టే అడగండి. తల్లిని అడిగాకే అతను తండ్రి సంగతి, కొడుకు సంగతి, భార్య సంగతి అడిగాడు. ఇంట్లో ఇప్పుడేం జరుగుతుందో అతనికి మొదట తెలిసింది అక్కడి నుంచే.

ఇక అనాగ్నొరిసిస్. గుర్తుపట్టడం. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో దీన్ని రకాలుగా విడదీసి చూపించాడు, ఒడిస్సియస్ మచ్చను అందులో ఉదాహరణగా తీసుకున్నాడు. రెండో సగం కావ్యం దీని మీదే నడుస్తుంది. ముందు అతనే తన ఊరిని గుర్తుపట్టలేడు. అథీనా కప్పిన మంచులో ఇథాకాను చూసి, ఇదేదో పరాయి ఊరనుకుంటాడు. తర్వాత ముష్టివాడి వేషంలో సొంతింటికే వెళతాడు. మనకిది అజ్ఞాతవాసమే. తిక్కన విరాటపర్వంలో కంకుభట్టుగా, వలలుడుగా, బృహన్నలగా పాండవులు ఎలా మసిలారో, ఇతనూ తన ఇంట్లో పరాయివాడిలా తిరుగుతూ ఎవరు ఎలా ఉన్నారో చూస్తాడు. రాముడు కూడా పద్నాలుగేళ్ళ తర్వాత నేరుగా వెళ్ళలేదు. భరద్వాజ ఆశ్రమంలో ఆగి, ముందు హనుమంతుణ్ణి పంపి, నేను వస్తున్నానని విన్నప్పుడు భరతుడి ముఖం ఎలా మారుతుందో చూసి రమ్మన్నాడు. భరతుడి మీద అనుమానం అనుకోనక్కర్లేదు. పద్నాలుగేళ్ళు ఒక ఇంటిని మోసినవాడికి ఆ ఇంటి మీద ఒక హక్కు పుడుతుందని రాముడికి తెలుసు.

ఎవరెవరు ఒడిస్సియస్‌ను ఎలా గుర్తుపట్టారో చూడండి. ఆర్గోస్ అనే ముసలి కుక్క పెంటకుప్ప మీద పడుకుని, గొంతు వినగానే తోక ఆడించి, అక్కడే ప్రాణం వదిలింది. పెంచిన దాది యూరిక్లియా కాళ్ళు కడుగుతూ తొడ మీది పాత మచ్చను తడిమి గుర్తుపట్టింది. తండ్రి లేయర్టీస్‌కు మచ్చ చూపించి, చిన్నప్పుడు ఆయన తనకిచ్చిన చెట్లు పేరుపేరునా చెప్పాడు: 13 బేరి, 10 ఆపిల్, 40 అంజూర, 50 వరుసల ద్రాక్ష. భార్య పెనలోపీ అన్నిటికన్నా కష్టమైన పరీక్ష పెట్టింది. ముఖం చూసి, మాట విని, అతని పరాక్రమం గురించి తెలిసీ నమ్మలేదు. మంచం బయట వేయించమని దాదితో అంది. పాతుకుపోయిన ఆలివ్ చెట్టు మొదలునే కోడుగా పెట్టి తన చేత్తో చేసిన మంచం అది, ఎలా కదులుతుందని అతను మండిపడ్డాడు. ఆ రహస్యం వాళ్ళిద్దరికీ, ఒక్క దాసికీ తప్ప ఎవరికీ తెలియదు. అప్పుడు నమ్మింది.

కొడుకు సంగతి వేరు. తండ్రి వెళ్ళేనాటికి టెలిమాకస్ పసివాడు. 16వ సర్గలో తండ్రి ఎదురుగా నిలబడి నేనే నీ నాన్ననంటే మొదట నమ్మడు, ఏ దేవుడో మోసం చేస్తున్నాడనుకుంటాడు. అతనికి చూపించడానికి మచ్చ పనికిరాదు, చెట్లు పనికిరావు, మంచం పనికిరాదు. ఇద్దరికీ కలిసి ఉన్న జ్ఞాపకం ఒక్కటీ లేదు. నేను తప్ప నీకు మరో ఒడిస్సియస్ రాడు అన్నంత మాటే తండ్రి చెప్పగలిగాడు. ఇన్ని గుర్తింపుల్లో గుర్తు లేని గుర్తింపు ఇదొక్కటే.

దీన్ని మన ఇళ్ళలో పెట్టి చూడాలి. గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతోమంది. హోమర్ ఆడదాన్ని మగ్గం ముందు కూర్చోబెట్టి మగవాణ్ణి ఓడ ఎక్కించాడు. మన ఊళ్ళలో ఓడ ఎక్కింది పెనలోపీ. మగ్గం దగ్గర ఉండాల్సినవాడు ఉన్నాడో లేడో ఒక్కో ఇంటిది ఒక్కో కథ. పాలు మరవని బిడ్డను అమ్మమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళిన తల్లి ఆరేళ్ళకు వస్తుంది. బిడ్డ అమ్మమ్మను అమ్మా అంటుంది, వచ్చినావిణ్ణి కువైటమ్మ అంటుంది. చాక్లెట్లు తీసుకుని, గౌను తీసుకుని, అమ్మమ్మ చెంగు వెనక్కి పోతుంది. ఆ క్షణంలో చాలామంది తల్లులు చేసే పని నాకు తెలుసు. నేనే నిన్ను కన్నానని చెబుతారు, నీ కోసమే అక్కడ ఒళ్ళు హూనం చేసుకున్నానని చెబుతారు. అందులో ప్రతి మాటా నిజం. బిడ్డకు మాత్రం అది పట్టదు, ఆ కష్టం దాని కళ్ళముందు జరగలేదు కాబట్టి.

ఒడిస్సియస్ చేసింది ఇంకొకటి. నమ్మిన మరుక్షణం తండ్రీకొడుకులు ఏడ్చి, వెంటనే ఒక పని మీద పడ్డారు. ఇంటిని ఎలా నిలబెట్టుకోవాలన్న ఆలోచనలో కొడుకును సమానంగా కూర్చోబెట్టుకున్నాడు, ఆయుధాలు దాచే పని అతనికే అప్పగించాడు. లేని గతం కోసం పాకులాడకుండా ఇద్దరికీ కొత్త జ్ఞాపకం ఒకటి తయారుచేశాడు. మీరూ అదే చెయ్యండి. బిడ్డతో కలిసి రోజూ చేసే ఒక పని పెట్టుకోండి. బడికి నడిపించుకు వెళ్ళడం కావచ్చు, సాయంత్రం కోళ్ళను గూట్లో పెట్టడం కావచ్చు. అమ్మమ్మను పక్కకు నెట్టకండి, ఆ ఇంట్లో భరతుడు ఆవిడే. ఎవరు అమ్మ అన్న ప్రశ్న వేయకండి, ఎవర్నీ వేయనివ్వకండి. పెద్దవాళ్ళతో మాత్రం మచ్చలూ చెట్లూ మంచాలూ పనికొస్తాయి. భర్తకూ మీకూ మాత్రమే తెలిసినవి, నాన్నకూ మీకూ మాత్రమే తెలిసినవి ముందే రాసి పెట్టుకోండి. కార్గో పెట్టె విప్పకముందు అవి విప్పండి.

అమెరికన్ రచయిత జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో ప్రచురించిన పుస్తకంలో వీరుల కథలన్నిటినీ బయలుదేరడం, దీక్ష, తిరిగి రావడం అని మూడు భాగాలుగా చూపాడు. మూడో భాగంలో తిరిగి రావడానికి నిరాకరించడం అనే మెట్టు కూడా పెట్టాడు. కొందరికి నిజంగానే తిరిగి రావాలని ఉండదు. తామరపండు తిన్న ఒడిస్సియస్ మనుషులు నోస్టోస్‌నే మరిచిపోయారు. మీరు ఆ కోవలో ఉన్నారేమో నిజాయితీగా అడిగి చూసుకోండి. అందులో సిగ్గుపడేదేమీ లేదు, ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా ఏటికేడు వచ్చే ఏడాది అనడమే వాళ్ళను చంపేది.

చివరిగా తెడ్డు సంగతి. చనిపోయినవాళ్ళ లోకంలో టైరీసియస్ అనే ద్రష్ట ఒడిస్సియస్‌కు ఇంకో మాట కూడా చెప్పాడు. ఇల్లు చేరి, ఇంటిని చక్కబెట్టుకున్నాక మరో ప్రయాణం ఉంది. తెడ్డు భుజాన వేసుకుని, సముద్రమంటే ఏమిటో తెలియని జనం ఉండేదాకా లోపలికి నడవాలి. దారిలో ఎవరో ఆ తెడ్డును చూసి ధాన్యం తూర్పారబట్టే పనిముట్టు అనుకున్న చోట దాన్ని నాటి, పొసైడన్‌కు మొక్కు చెల్లించి వెనక్కి రావాలి. ఇరవై ఏళ్ళ తర్వాత పెనలోపీ తనను నమ్మిన ఆ రాత్రి, ఇంకా మంచం కూడా ఎక్కకముందే, ఒడిస్సియస్ ఈ సంగతి ఆవిడకు చెప్పేశాడు. రేపు చెబుతాననలేదు. ఆవిడ అడిగింది, అతను దాచకుండా చెప్పాడు. ఆ తర్వాతే తను పడ్డ పాట్లన్నీ మొదటి నుంచీ చెప్పాడు, ఆవిడ కంటిమీద కునుకు లేకుండా విన్నది. ఆ రాత్రిని అథీనా పొడిగించింది.

మీకు మళ్ళీ కువైట్ వెళ్ళాల్సిన అవసరం ఏ కాస్త ఉన్నా, ఆకామా ఇంకా బతికే ఉన్నా, అప్పు ఇంకా తీరకపోయినా, అది మొదటి రాత్రే చెప్పండి. ఎన్ని నెలలకో, ఎంత డబ్బు కోసమో, ఈసారి ఎప్పుడు ఆపుతారో కూడా కలిపి చెప్పండి. పెనలోపీ అడగకముందే చెబితే ఇంకా మంచిది.